కళింగపట్నం వెళ్తే మొగ దాకా నడవండి

కళింగపట్నం వెళ్లినవాళ్లు చాలామంది లైట్‌హౌస్ దగ్గర ఫొటోలు దిగి, కాసేపు బీచ్‌లో కూర్చుని వచ్చేస్తారు. నేనైతే వంశధార సముద్రంలో కలిసే మొగ దాకా నడవమంటాను. అంత అందమైన చోటు, అంత బాధపెట్టే చోటు ఈ తీరంలో నేను ఇంకోటి చూడలేదు.

మేం ఫిబ్రవరిలో వెళ్లాం. దిగింది శ్రీకాకుళం టౌన్‌లో, తిండికీ బస్సులకీ అదే సుఖం. గది శుభ్రంగానే ఉంది గానీ వేడినీళ్లు ఎప్పుడడిగినా "పది నిమిషాలు సార్" అనడమే, వచ్చింది లేదు. కాంప్లెక్స్ నుంచి బస్సు ఉన్నా పొద్దున్నే చేరాలంటే ఆటోనే మేలు. వెయిటింగ్‌తో కలిపి ముందే బేరం తేల్చుకోండి.

జనవరి నుంచి మార్చి దాకా ఆలివ్ రిడ్లే తాబేళ్లు గుడ్లు పెట్టడానికి ఈ ఇసుకలోకి వస్తాయి. మేం చూసినది చచ్చి పడి ఉంది. ముందు రెక్కకి పచ్చ నైలాన్ వల ముక్క బిగుసుకుపోయి చర్మం తెగిపోయింది, కళ్లు కాకులు పొడిచేశాయి, చుట్టూ ఏరు మోసుకొచ్చిన కవర్లు, గుట్కా ప్యాకెట్లు, థర్మోకోల్ ముక్కలు. పక్కన వల సర్దుకుంటున్న పెద్దాయన "ఏటి బాబూ, అలా చూస్తన్నావు? ఏటా ఇదే కదా" అన్నాడు. తాబేలు ఊపిరి తీసుకోవాలంటే నీటి పైకి రావాల్సిందే, ట్రాలర్ (వల ఈడ్చుకుపోయే పెద్ద మరపడవ) వలలో చాలాసేపు ఇరుక్కుందంటే ఊపిరాడక చచ్చిపోతుంది. మన సముద్రంలో చేపల వేట నిషేధమేమో ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా, అప్పటికి గుడ్లు పెట్టే సీజన్ దాదాపు అయిపోతుంది. వన్యప్రాణి సంరక్షణ చట్టంలో పులితో పాటు షెడ్యూల్ 1లో పెట్టిన జీవి ఇది. కనీసం మొగల దగ్గరైనా ఆ మూడు నెలలు ట్రాలర్లని గట్టిగా ఆపాలి, వలల్లో తాబేలు తప్పించుకునే టెడ్ పరికరం ఉందో లేదో చూడాలి.

ఈ చెత్త సరే, కంటికి కనపడనిది? ఐరోపాలోని వాడెన్ సముద్రంలో ఉండే సీల్ అనే జంతువుల గురించి 1986లో ఒక పరిశోధన వచ్చింది. అక్కడి చేపలు మేపిన ఆడ సీళ్లకి పిల్లలు పుట్టడం బాగా తగ్గింది, కారణం పీసీబీలనే రసాయనాలు. నీళ్లలోంచి చేపలోకి, చేపలోంచి దాన్ని తిన్నవాటి కొవ్వులోకి ఎక్కుతాయవి. ఈ మొగలో పట్టిన చేపలు మనమూ తింటాం కాబట్టి ఇక్కడి నీళ్లనీ, చనిపోయిన తాబేళ్లనీ కూడా అలా పరీక్షించి ఫలితాలు ఊళ్లో చెప్పాలని నా గట్టి కోరిక.

ఈ ట్రిప్‌లో బాగా నచ్చింది తాబేళ్ల హేచరీ, అంటే పిల్లలు వచ్చేదాకా గుడ్లని కాపాడే చోటు. వల కట్టిన చిన్న దడి, లోపల ప్రతి గుంత దగ్గరా ఒక పుల్ల, దాని మీద తేదీ, గుడ్ల సంఖ్య. ఒక్కో తల్లి వంద దాకా పెడుతుందట, పిల్లలు రావడానికి 45 నుంచి 60 రోజులు. కాపలా ఉన్న కుర్రాడు విసుక్కోకుండా అన్నీ చెప్పాడు. శాలిహుండం బౌద్ధ స్తూపాలు దగ్గరే, ఎండెక్కకముందే కొండెక్కేయండి.

తాబేలు పిల్లల్ని సముద్రంలోకి వదిలేది తెల్లవారుజామున, ముందురోజే కనుక్కోండి. టార్చి, ఫోన్ ఫ్లాష్ వెయ్యొద్దు, పిల్లలు వెలుగు వైపే పాకిపోతాయి.