ముక్కు తిప్పితేనే కనిపించే కళ్లజోడు

థైరాయిడ్ మాత్రల సీసా మీద 12.5కీ 125కీ మధ్య తేడా ఒక్క చుక్క. మొన్న ఏప్రిల్‌లో ఆ చుక్క నాకు కనపడలేదు. సీసా తీసి కౌంటరు మీద పెట్టేశాను కూడా. పక్కనున్న మా కుర్రాడు "సార్, అది కాదు" అని వెనక్కి తీశాడు కాబట్టి సరిపోయింది. ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

మాది తెనాలిలో మందుల షాపు. నాకు 49 ఏళ్లు. చత్వారం వచ్చి ఎనిమిదేళ్లయింది. దూరానికి ప్లస్ 1 జోడు ముఖం మీద, చదవడానికి ఇంకోటి తాడు కట్టి మెడలో. ఆ రోజు మెడలోది ఇంట్లో డైనింగ్ టేబుల్ మీద ఉండిపోయింది. అదొక్కటే కాదు, బిల్లు కొట్టే కంప్యూటరు చేయి చాచినంత దూరంలో ఉంటుంది, దానికి ఈ రెండిట్లో ఏదీ సరిగ్గా కుదరదు. అందుకే ప్రోగ్రెసివ్ చేయించాను. పైన దూరం, మధ్యలో కంప్యూటరు, కింద చదువు, నడుమ గీత ఉండదు. కొత్త సరుకేమీ కాదు, వారిలక్స్ పేరుతో 1959లోనే ఫ్రాన్స్‌లో వచ్చింది, నాకంటే పెద్దది. లెన్సులు 7,500, ఫ్రేము 1,900 అయ్యాయి. కళ్లజోళ్ల షాపు పేరు మాత్రం రాయను.

మొదటి వారం నరకం. సీసా మీద అక్షరం చదవాలంటే గడ్డం పైకెత్తి, విమానం చూస్తున్నవాడిలా నిలబడాలి. సాయంత్రానికి మెడ పట్టేసేది. ఒక పెద్దావిడ చీటీ ఇచ్చి, "ఏం బాబూ, కోపమొచ్చిందా, అలా పైనుంచి చూస్తున్నావ్?" అంది. "అలవాటవుతుందిలెండి అంకుల్, రెండు వారాలు ఓపిక పట్టండి" అని కళ్లజోళ్ల షాపు కుర్రాడు ఫోన్లో చెప్పాడు. పట్టాను. పదకొండో రోజుకి కూడా మెడ అలాగే ఉంది. అప్పుడు వెళ్లి గట్టిగా అడిగాను.

ఈసారి అక్కడ పెద్దాయన ఉన్నాడు. నా జోడు తీసుకుని గాజు మీద నోటితో ఆవిరి ఊది, ట్యూబ్‌లైటు కింద అటూ ఇటూ వంచాడు. సూదిమొనతో గీసినట్టు రెండు చిన్న గుర్తులు కనిపించాయి. వాటి మధ్య దూరం 34 మిల్లీమీటర్లు ఉంటుందట, కణత వైపు గుర్తు కింద చదువు పవర్ కూడా చెక్కి ఉంటుంది. నా దాంట్లో 20 అని ఉంది, అంటే యాడ్ 2, దూరం పవర్ మీద చదువుకి అదనంగా కలిపేది. పవర్ కరెక్టే. ఆయన స్కేలు పెట్టి ఆ గుర్తుల్ని బట్టి లెక్క చూశాడు. నా కంటిపాప ఉన్న చోటు కంటే గాజు 3 మిల్లీమీటర్లు కిందికి దిగింది.

ఎలా జరిగిందో అప్పుడు గుర్తొచ్చింది. ఆర్డరిచ్చిన రోజు కుర్రాడు పొట్టి స్టూలు మీద కూర్చుని, నన్ను తన మొహంలోకి చూడమని మార్కరుతో చుక్క పెట్టాడు. నేను కిందికి చూశాను, చుక్క కూడా కిందే పడింది. పెద్దాయన నా ఎదురుగా, నా కళ్ల ఎత్తులో కూర్చుని, ఒక్కో కంటికి విడివిడిగా కొలిచాడు. గాజులు డబ్బు తీసుకోకుండా మళ్లీ చేయించారు. చేశారు కాబట్టి కోపం తగ్గింది, కానీ అడక్కపోతే ఏం చేసేవాళ్లో మరి.

రెండో జోడు వేరే కథ. గడ్డం ఎత్తక్కర్లేదు, కళ్లు కొంచెం దించితే చాలు, చుక్కతో సహా కనిపిస్తుంది. పక్కల మసక మాత్రం ఉంది. పవర్ మెల్లగా మారాలంటే ఆ వంకరంతా పక్కలకి నెట్టక తప్పదట, ఖరీదు పెంచితే తగ్గుతుంది గానీ పోదు. "కళ్లు తిప్పకండి, ముక్కు తిప్పండి" అన్నాడు పెద్దాయన. నవ్వొచ్చింది గానీ పనిచేసింది. అరలో ఎడమ చివర డబ్బా కావాలంటే ముక్కు అటు తిప్పాలి. స్కూటర్ అద్దం చూసేటప్పుడూ అంతే. మెట్లు దిగేటప్పుడు తల బాగా వంచి గాజు పైభాగంలోంచి చూడాలి, లేకపోతే మెట్టు ఉన్నచోట ఉండదు. షాపులో పై అర నుంచి స్టూలు దిగబోయి రెండుసార్లు గాల్లో కాలు పెట్టాను. తొమ్మిదో రోజు మధ్యాహ్నం, జోడు ఉందన్న సంగతే మర్చిపోయి బిల్లులు కొట్టేశాను.

మే ఎండల్లో ఇంకో తంటా ఉంది. చెమటకి ఫ్రేము ముక్కు మీద జారితే చదివే భాగమూ జారుతుంది, మళ్లీ గడ్డం ఎత్తాలి. ప్లాస్టిక్ ఫ్రేము కాకుండా, ముక్కు దగ్గర ప్యాడ్లు వంచుకునే వీలున్న లోహపు ఫ్రేము తీసుకోండి. సన్నగా స్టైలుగా ఉండే ఫ్రేముల జోలికి పోవద్దు, కింద చదువు భాగానికి చోటే మిగలదు.

పడుకుని పేపరు చదవడానికి మాత్రం ఇది పనికిరాదు. దానికి తాడు జోడే. ఇప్పుడది దిండు కింద ఉంటోంది, మా ఆవిడ రోజూ దాన్ని వెతికి బయటికి తీసి దుప్పటి దులుపుతుంది.

గాజులకి అయిదుకి నాలుగున్నర. షాపుకి మూడు, అందులో రెండు పెద్దాయనవి.