ఊరికి వస్తే ఊరికే ఇస్తారా?

బెంగళూరు కగ్గదాసపురలోని మా అపార్ట్‌మెంట్ తెలుగువాళ్ల వాట్సాప్ గ్రూపులో ఒక వార్త ఏడాదికి రెండు మూడు సార్లయినా తిరిగి వస్తుంది. ఇంటి నుంచి పనిచేసే ఉద్యోగులు వచ్చి తమ ఊళ్లో ఉంటే ఎదురు డబ్బులిస్తామని ఏదో దేశంలో ఏదో ఊరు ప్రకటించిందట. కింద నవ్వు బొమ్మలు పడతాయి, రెండో అంతస్తు పెద్దాయన “మనకెవరిస్తారండీ” అంటారు, అంతటితో సరి. నేను ఒక కంపెనీలో జీతాల లెక్కలు చూస్తాను. డబ్బిస్తామన్న కాగితం ఏది కనబడినా ముందు షరతులు చదవడం వృత్తి వల్ల అబ్బిన జబ్బు. అందుకని ఈసారి ఆ పథకాల నిబంధనలన్నీ తెరిచి కూర్చున్నాను. ఇది వాటిలో చేరినవాడి అనుభవం కాదు. కొనే ముందు సరుకును అటూ ఇటూ తిప్పి చూసినవాడి సమీక్ష.

అన్నిటిలోకీ నాకు నచ్చింది అమెరికాలోని వెస్ట్ వర్జీనియాలో 2021లో మొదలైన ‘అసెండ్’. అది బొగ్గు గనుల రాష్ట్రం. గనుల్లో పని తగ్గినకొద్దీ జనం వెళ్లిపోయారు. 1950లో 20 లక్షలున్న జనాభా 2020 నాటికి 18 లక్షలకు దిగింది. అప్పటికీ ఇప్పటికీ జనాభా తగ్గిన రాష్ట్రం ఆ దేశంలో అదొక్కటే. అక్కడే పుట్టి, ఇంట్యూట్ అనే సాఫ్ట్‌వేర్ కంపెనీకి సీఈఓగా పనిచేసిన బ్రాడ్ స్మిత్, ఆయన భార్య అలిస్ కలిసి వెస్ట్ వర్జీనియా విశ్వవిద్యాలయానికి ఇచ్చిన 2.5 కోట్ల డాలర్లతో ఈ పని మొదలైంది.

వచ్చినవాళ్లకు ఇచ్చేది 12,000 డాలర్లు. మొదటి ఏడాది 10,000 నెలనెలా పంచి ఇస్తారు. మిగిలిన 2,000 రెండో ఏడాది నిండాక. ఈ పద్ధతి రాసినవారెవరో గానీ జీతాల మనిషిగా వారికి దండం పెట్టాలనిపించింది. అంతా ముందే ఇస్తే మనిషి నిలవడు, అంతా చివర్లో అంటే అసలు రాడు. నెలనెలా పడే డబ్బు అద్దెలోకి పోతుంది, ఈలోగా వీధి వీధి పరిచయమవుతుంది. డబ్బుతో పాటు ఉమ్మడి ఆఫీసులో ఉచితంగా కూర్చునే చోటు, కొండలెక్కడానికీ పడవ నడపడానికీ సామాను కూడా ఇస్తారు. కొత్త చోట ల్యాప్‌టాప్ ముందు ఒంటరిగా కూర్చునేవాడికి నలుగురు మనుషులు కావాలని ఎవరో ముందుగానే ఆలోచించారన్నమాట. మొదటి విడతలో మోర్గన్‌టౌన్‌లో 50 మందికి చోటుంటే దరఖాస్తులు 7,000 దాటాయి. అయితే మోర్గన్‌టౌన్ విశ్వవిద్యాలయం ఉన్న పట్టణం, మారుమూల పల్లె కాదు. నా మార్కులు ఐదుకు నాలుగు.

ఈ తరహా పథకాలకు పేరు తెచ్చింది మాత్రం ఓక్లహోమాలోని టల్సా. జార్జ్ కైజర్ కుటుంబ ఫౌండేషన్ 2018లో మొదలుపెట్టింది. ఏడాది ఉంటే 10,000 డాలర్లు. నాలుగు లక్షల జనం ఉన్న నగరాన్ని పల్లె అనడానికి నాకు నోరు రాలేదు గానీ, ఇప్పటికి 3,000 మందికి పైగా చేరారంటే సరుకు అమ్ముడుపోయినట్టే. ఈ ప్రకటన చూసి న్యూజెర్సీలో ఉండే మా తోడల్లుడు తెగ సంబరపడ్డాడు. షరతులు చదివి ఆ సంబరం మీద నీళ్లు చల్లింది నేనే. అతనిది హెచ్-1బీ వీసా. అది పనిచేసే చోటుతో ముడిపడి ఉంటుంది. ఇంట్లో కూర్చుని పనిచేసినా సరే, ఒక మహానగర పరిధి దాటి మరో చోటికి మారితే కంపెనీ వీసా దరఖాస్తును సవరించి మళ్లీ వేయాలి. 2015లో వచ్చిన ఒక తీర్పుతో ఇది ఖరారైంది. ఆ ఖర్చు, ఆ తలనొప్పి కంపెనీవి. పైగా చేతికొచ్చిన పదివేలూ ఆదాయం కిందికే వస్తాయి, పన్ను కట్టాలి. “అడగడానికే భయంగా ఉంది అన్నయ్యా” అన్నాడు. అమెరికాలో ఉన్న మనవాళ్లలో గ్రీన్ కార్డు రానివాళ్లు ముందు ఈ సంగతి చూసుకుని తర్వాత కలలు కనాలి.

వెర్మాంట్ రాష్ట్రం 2019 నుంచి ఇచ్చింది బిల్లులు చూపిస్తే తిరిగిచ్చే సొమ్ము. సామాను తరలింపు, కంప్యూటరు, ఇంటర్నెట్ లాంటి వాటికి రెండేళ్లలో 10,000 డాలర్ల వరకు. అక్కడి రాష్ట్ర ఆడిటర్ డగ్ హాఫర్ ఒక ప్రశ్న వేశాడు: వీళ్లు డబ్బు చూసి వచ్చారా, ఇవ్వకపోయినా వచ్చేవాళ్లేనా? ఆ మనిషి మీద నాకు అభిమానం పుట్టింది. ఈ పథకాలన్నిటినీ అడగాల్సిన ప్రశ్న అదే, జవాబు తేల్చడం మాత్రం కష్టం. రెండున్నర.

ఇటలీలో కలాబ్రియా ప్రాంతం 2021లో 28,000 యూరోల వరకు ఇస్తామన్నది మా గ్రూపులో అందరికంటే ఎక్కువ తిరిగింది. నలభై ఏళ్ల లోపువాళ్లు, రెండు వేల లోపు జనాభా ఉన్న ఊళ్లు, వెళ్లి ఏదైనా వ్యాపారం పెట్టాలి. ల్యాప్‌టాప్ ఉద్యోగికి పనికిరాదు. ముందుకు పోదాం.

జపాన్ వాళ్ల పథకం ఇల్లరికపు అల్లుడికి పెట్టే షరతుల్లా ఉంది. టోక్యో నడిబొడ్డున ఉన్న 23 వార్డుల్లో ఐదేళ్లు నివసించినవాళ్లు, లేదా అక్కడికి ఉద్యోగానికి వచ్చిపోయినవాళ్లు బయటి ఊళ్లకు మారితే కుటుంబానికి పది లక్షల యెన్‌ల వరకు ఇస్తారు. అంతకుముందు ఒక్కో బిడ్డకు మూడు లక్షలుగా ఉన్న అదనపు సొమ్మును 2023లో పది లక్షలు చేశారు. పిల్లలు లేక బడులు మూతపడుతున్న ఊళ్లకు కావలసింది పిల్లలే కాబట్టి లెక్క సరిగ్గానే ఉంది. కానీ మూడేళ్ల లోపు వెళ్లిపోతే మొత్తం కక్కాలి, ఐదేళ్ల లోపు అయితే సగం. ఉద్యోగం పోయో, తల్లిదండ్రులకు జబ్బు చేసో వెనక్కి వచ్చేవాడి మెడ మీద ఈ కత్తి వేలాడుతూ ఉంటుంది. మూడు.

నేను చదివిన వాటిలో చాలా పథకాలకు ఒకే లోపం, అసెండ్‌కు కూడా ఒక మార్కు తగ్గించింది అందుకే. వాటి కంటికి ఇంట్లో ఒక్క సంపాదనపరుడే కనిపిస్తాడు. మా ఆవిడ ఫిజియోథెరపిస్టు. ఆమె పని ల్యాప్‌టాప్‌లో పట్టదు, రోగి మోకాలు ఎదురుగా ఉండాలి. “మీకు నెలనెలా డబ్బులొస్తాయి సరే, నాకు పేషెంట్లు ఎక్కడి నుంచి వస్తారు?” అని ఆమె అడిగిన దానికి ఏ నిబంధనల పేజీలోనూ సమాధానం దొరకలేదు. విచిత్రమేమిటంటే పల్లెకు ఎక్కువ అవసరం ఆమె. నాలాంటివాడు వస్తే ఆ ఊరికి లాభం అద్దె, పాలు, కూరగాయల వరకే. ఆమె వస్తే పక్షవాతం వచ్చిన ముసలాయన లేచి నడుస్తాడు. డబ్బు మాత్రం నాకిస్తామంటున్నారు.

మా సొంతూరు మడకశిర వైపు. కగ్గదాసపురలో రెండు పడగ్గదుల ఇంటికి నెలకు 34,000 పోస్తున్న నాకు అక్కడ అద్దే లేదు, ఇల్లుంది. ఇంటర్నెట్ తీగ ఊళ్లోకి వచ్చింది, గాలివాన వస్తే కరెంటుతో పాటు అదీ పోతుంది. ఎనిమిదో తరగతి చదివే మా అమ్మాయి పేరు చెబితే మాట అక్కడే ఆగిపోతుంది. పది లక్షలిచ్చినా కరెంటు, ఇంటర్నెట్, అమ్మాయి చదువు, ఈ మూడింటిలో ఒక్కటీ మారదు.

మన వైపు నేను మార్కులు వేయగలిగింది ఇలాంటి నగదు పథకానికి కాదు, చెన్నై కేంద్రంగా ఉన్న సాఫ్ట్‌వేర్ సంస్థ జోహో చేసిన పనికి. 2011లోనే తెన్‌కాశి దగ్గర మత్తళంపారైలో ఆఫీసు పెట్టింది. తర్వాత సంస్థ స్థాపకుల్లో ఒకరైన శ్రీధర్ వెంబు కూడా ఆ వైపే వెళ్లి స్థిరపడ్డారు. రేణిగుంటలోనూ ఒక ఆఫీసు ఉంది. మనిషికి డబ్బిచ్చి ఊరికి రప్పించడం కాదు, ఉద్యోగాన్నే ఊరి దగ్గరికి తీసుకెళ్లడం. అక్కడి పిల్లలు అక్కడే చేరతారు, సంక్రాంతికి బస్సు టికెట్ల కోసం కొట్టుకోనక్కరలేదు. దీనికి నాలుగున్నర. అయితే ఇది ఆ ఒక్క సంస్థలో పనిచేసేవాళ్లకే.

మిగతావాళ్లు ఎక్కడ దరఖాస్తు చేసుకున్నా పైనుండే కాగితం ఒకటుంది: ఈ ఉద్యోగి ఎక్కడి నుంచైనా పనిచేయవచ్చని యజమాని ఇచ్చే ఉత్తరం. మా కంపెనీలో అలాంటి ఉత్తరాలు నా బల్ల మీదుగానే వెళ్తాయి. ఒక్కో ఉత్తరం గడువు ఆరు నెలలు.