ఉమ్మడి టికెట్టు కొనేముందు: నాలుగు వారసత్వ దారుల బేరీజు

ఒక ప్రాంతంలోని కోటలు, గుళ్లు, మ్యూజియాలు కలిసి ఒకే టికెట్టు పెట్టాయంటే యాత్రికుడి కన్ను ముందు చోట్ల సంఖ్య మీద పడుతుంది. చూడాల్సింది గడువు, టికెట్టులో చేరని చోట్లు, ఒక చోటి నుంచి ఇంకో చోటికి దొరికే బండి.

పెరూలోని కుస్కో టికెట్టు, అక్కడివాళ్ల మాటలో 'బొలెతో తురిస్తికో', 16 చోట్లకు చెల్లుతుంది. గడువు 10 రోజులు, ఒక్కో చోటికి ఒక్కసారే ప్రవేశం. మాచు పిచ్చు, కుస్కో పెద్ద చర్చి ఇందులో లేవు. అందరూ తికమకపడేది కొరికాంచా దగ్గర: టికెట్టు చెల్లేది పక్కనున్న నేలమాళిగ మ్యూజియానికే, ఇంకాల ఆలయానికి విడిగా కట్టాలి. మోరాయ్ వలయాల మెట్లు టికెట్టులో ఉన్నాయి. అదే పూట చూసే మరాస్ ఉప్పు మడులు లేవు, ఎందుకంటే వాటిని నడిపేది ఊరివాళ్లే. తక్కువ ధరకు దొరికే విడి భాగం టికెట్లలో కుస్కో దగ్గరి పవిత్ర లోయది రెండు రోజులకే చెల్లుతుంది. పీసాక్, ఒయాంతైతాంబో, చిన్చేరో, మోరాయ్ నాలుగూ ఆ రెండు రోజుల్లోనే కుదరాలి. పీసాక్‌లో పైనుంచి కిందికి నడిచి దిగాలనుకుంటే అక్కడే సగం రోజు పోతుంది. అందుకని నాలుగు రోజులకు మించి ఉండేవాళ్లకు పూర్తి టికెట్టే నయం.

ఉత్తర ఇంగ్లండ్‌లోని హేడ్రియన్ గోడది ఇంకో తరహా. 117 కిలోమీటర్ల ఈ రోమన్ గోడ మీది కోటలు ఒకే సంస్థ చేతిలో లేవు. చెస్టర్స్, కార్‌బ్రిడ్జ్ ఇంగ్లిష్ హెరిటేజ్‌వి. హౌస్‌స్టెడ్స్ నేషనల్ ట్రస్టు ఆస్తి, నిర్వహణ ఇంగ్లిష్ హెరిటేజ్‌ది. కాబట్టి రెండింటి సభ్యత్వాలూ అక్కడ చెల్లుతాయి. విండోలాండాకు వెళ్తే ఆ రెండూ పనికిరావు. దాన్ని నడిపేది వేరే ట్రస్టు. అయితే ఆ ట్రస్టు తన రోమన్ ఆర్మీ మ్యూజియంతో కలిపి ఒక జంట టికెట్టు అమ్ముతుంది. ఒక్క కోటకే సమయం ఉంటే విండోలాండా ఎంచుకోండి: వేసవిలో తవ్వకాలు కళ్ల ముందే సాగుతుంటాయి. 1973 నుంచి అక్కడ బయటపడ్డ రోమన్ల కాలపు చెక్క పలకల ఉత్తరాల్లో ఎక్కువభాగం మాత్రం లండన్‌లోని బ్రిటిష్ మ్యూజియంలో ఉన్నాయి. హౌస్‌స్టెడ్స్‌లో సైనికుల మరుగుదొడ్లు చూడదగ్గవి. కారు ఆపే చోటి నుంచి కోటకు ఎగువన పావుగంట నడక ఉంటుంది, ముసలివాళ్లుంటే లెక్కలో పెట్టుకోండి.

ఈ వేరువేరు సంస్థలను నిజంగా కలిపింది బస్సు. గోడ కట్టడం మొదలైన క్రీ.శ. 122 పేరే దానికి పెట్టారు: ఏడీ122. హెక్సమ్, హాల్ట్‌విజిల్ రైల్వే స్టేషన్ల మధ్య చెస్టర్స్, హౌస్‌స్టెడ్స్, విండోలాండా కోటలను తాకుతూ పోతుంది. చిక్కేమిటంటే ఇది ముఖ్యంగా వేసవి బండి. చలికాలంలో కారు లేకుండా వెళ్తే కోటల మధ్య ఇరుక్కుపోవచ్చు. వేసవిలోనూ ఆఖరి బస్సు వేళ ముందే చూసుకుని, అక్కడి నుంచి వెనక్కి లెక్కేసుకుంటూ రోజును కట్టుకోవాలి. బసకు వన్స్ బ్రూడ్ దగ్గర 2017లో తెరిచిన 'ద సిల్' కేంద్రంలోని యూత్ హాస్టల్ అనువైనది. బస్సు అక్కడే ఆగుతుంది, గోడ నడక దూరంలోనే ఉంటుంది. మొత్తం 135 కిలోమీటర్ల కాలిబాట నడిచేవాళ్లకు ఏడు ముద్రల పాస్‌పోర్టు ఉంది. ముద్రలు మే 1 నుంచి అక్టోబరు 31 వరకే. తడి నేల మీద నడక ఎక్కువైతే కింద పాతుకుపోయిన కట్టడాలు దెబ్బతింటాయని ఆ నియమం పెట్టారు. జనాన్ని రప్పించడంతో పాటు ఎప్పుడు రావద్దో కూడా చెప్పే పథకాలు అరుదు.

కంబోడియాలోని పాత గుళ్ల సముదాయం అంకోర్ పాస్ వాడకం తేలిక. మూడు రోజుల పాసును 10 రోజుల్లో, ఏడు రోజుల పాసును నెలలో ఎప్పుడైనా వాడుకోవచ్చు. ఎండకు ఒక రోజు హోటల్లో పడుకున్నా నష్టం లేదు. పాసు మీద ఫోటో ఉంటుంది, కనుక ఒకరిది ఇంకొకరికి పనికిరాదు. గుడి గుమ్మం దగ్గర అమ్మరు. సూర్యోదయానికి అంకోర్ వాట్ చేరాలనుకునేవాళ్లు ముందురోజే కొని ఉంచుకోవాలి. కులేన్ కొండకు టికెట్టు వేరు.

స్పెయిన్‌లోని సాంతియాగో నగరానికి చేర్చే యాత్రికుల కాలిబాటలో టికెట్టే లేదు, ముద్రల పుస్తకం ఉంది. 1987లో యూరప్ కౌన్సిల్ గుర్తించిన మొదటి సాంస్కృతిక మార్గం ఇదే. చర్చిలు, బసలు, దారిలోని బార్లు కూడా ముద్ర వేస్తాయి, కాబట్టి ప్రతి చిన్న ఊరికీ ఇందులో వాటా ఉంది. సర్టిఫికెట్టుకు కనీసం 100 కిలోమీటర్లు నడవాలి, రోజుకు రెండు ముద్రలు ఉండాలి. ఆ నియమమే సాంతియాగోకు సుమారు 115 కిలోమీటర్ల దూరాన ఉన్న సర్రియాలో జనాన్ని కుప్పపోసింది. అక్కడి నుంచి ముందుకు ప్రభుత్వ బసల్లో ముందస్తు బుకింగ్ ఉండదు, ముందొచ్చినవారికే మంచం. గైడ్లన్నీ మొదటి రాత్రికి పోర్తోమరీన్ చూపిస్తాయి. అంతకంటే ముందే, 100 కిలోమీటర్ల రాయి దగ్గరున్న ఫెర్రేయిరోస్‌లో ఆగితే మర్నాటి నుంచి ఆ గుంపు వెనకాల నడుస్తారు.