ఉప్పుగాలి ఊళ్లో పాత కారుకు రంగు: స్ప్రే డబ్బాలా, గన్నా, షెడ్డా?

సంక్రాంతికి ముందు నా మారుతి 800కి రంగు వేయించాను. "వేయించాను" అనాలో "వేసుకున్నాను" అనాలో నాకే తేలలేదు. అప్పట్నుంచి విశాఖ సముద్రం ఒడ్డున లాసన్స్ బే కాలనీలో బండి ఆపితే చాలు, ఎవరో ఒకరు వచ్చి బానెట్ మీద వేలు రాసి అదే ప్రశ్న వేస్తున్నారు: "డబ్బాలతో కొట్టారా, గన్నుతోనా?" ఒకాయన వాకింగ్ ఆపేసి మరీ అరగంట అడిగాడు. అందుకే ఒకసారి రాసి పెడితే సరిపోతుందనిపించింది.

బండి 2003ది, ఏపీ 31 నంబరు. 2014 అక్టోబరులో హుద్‌హుద్ వచ్చినప్పుడు పక్కింటి చెట్టుకొమ్మ టాపు మీద పడి సొట్ట పెట్టింది. అప్పట్లో పైపైన పుట్టీ పెట్టించి వదిలేశాం. ఆ పుట్టీ కిందనుంచే తుప్పు మొదలై గట్టర్ (టాపు అంచున వాననీళ్లు జారే కాలువ) పొడవునా పాకింది. ఎమరీ పేపరూ పుట్టీ కత్తీ ఎలా పట్టుకోవాలో మీకు తెలిసే ఉంటుంది కాబట్టి అవన్నీ మళ్లీ చెప్పను.

ఈ పని తలపెట్టినవాళ్లందరూ ముందు చూసేది మెరుపు, ఖర్చు. నేనూ అంతే. షిప్‌యార్డులో పెయింటింగ్ సెక్షన్లో పనిచేసి రిటైరైన మా పెదనాన్న మాత్రం నా ప్లానంతా విని ఒకటే అడిగాడు: "ఒరే, రంగు ఎలగ కొడతావన్నది తర్వాత. రేకు ఎన్ని రాత్రులు తెరిచి ఉంటాది, అది చెప్పు ముందు."

నేను లెక్కేసి చెప్పాను. ఈ ఆదివారం తుప్పు గీకుతాను, వచ్చే ఆదివారం పుట్టీ, ఆ పై ఆదివారం రంగు. ఆయన నవ్వి ఊరుకున్నాడు.

ఉద్యోగం చేసుకుంటూ ఇంట్లో రంగు వేసేవాడి గొడవంతా ఇక్కడే ఉంది. మనకు దొరికేది ఆదివారాలు. మధ్యలో ఆరు రాత్రులు సముద్రం గాలి రేకు మీదే పడుకుంటుంది. బూడిదరంగు ప్రైమర్ (రంగు కింద వేసే అడుగుపూత) కొట్టాం కదా అని ధీమాగా ఉంటాం గానీ, మామూలు ప్రైమర్ నీళ్లను ఆపదు, పీల్చుకుంటుంది. పుట్టీ ఇంకా ఎక్కువ పీలుస్తుంది. నా మొదటి ప్రయత్నంలో గట్టర్‌ని రెండు వారాలు ప్రైమర్‌తో వదిలేశాను. మధ్యలో వాయుగుండం, మూడు రోజుల ముసురు. తీరా చూస్తే బూడిదరంగు మీద గోధుమరంగు చుక్కలు, ఆవాలు చల్లినట్టు. మొత్తం మళ్లీ గీకాల్సి వచ్చింది.

అందుకని స్ప్రే డబ్బాలు, కంప్రెషర్ గాలితో కొట్టే గన్ను, పెయింటింగ్ షెడ్డుకు ఇవ్వడం అనే ఈ మూడు దారుల్నీ నేను ఒక్క కొలతతోనే చూస్తాను: నీళ్లను ఆపే పూత లేకుండా రేకు ఎన్ని రాత్రులు తెరిచి ఉంటుంది? మిగతావన్నీ దాని తర్వాతే. పెందుర్తి, కొత్తవలస వైపు ఉన్నవాళ్లకు ఇంత పట్టింపు అక్కర్లేదు. ఉప్పు ఎక్కువగా పడేది ఒడ్డుకు దగ్గర్లోనే, లోపలికి పోయేకొద్దీ బాగా తగ్గిపోతుంది.

ముందు డబ్బాలు. చాలామంది వీటిని చిన్నచూపు చూస్తారు. ఆటోనగర్లో ఒక మేస్త్రీ అయితే "అవి పిల్లలాట బాబూ" అనేశాడు. ఆయన మాటలో సగం నిజమే. మామూలు డబ్బా రంగు ఎండుతుంది గానీ గట్టిపడదు. హార్డెనర్ (రంగును గట్టిపరిచే రెండో ద్రవం) లేని రంగు కాబట్టి పెట్రోల్ మూత దగ్గర నాలుగు చుక్కలు ఒలికితే మెత్తబడి గుడ్డకు అంటుకొస్తుంది. 400 మిల్లీలీటర్ల డబ్బా ఒక తలుపుకి బొటాబొటీగా సరిపోతుంది. బండి మొత్తానికి పది పన్నెండు రంగు డబ్బాలు, ప్రైమరూ, పైన మెరుపుకి కొట్టే క్లియరూ వేరే. అంతా కలిపితే చిన్న కంప్రెషర్ ఖరీదుకు దగ్గర పడుతుంది. టాపూ బానెట్టూ లాంటి వెడల్పాటి చోట చారలు పడకుండా కొట్టడం కొత్తవాళ్ల వల్ల కాదు, నా వల్లా కాలేదు.

కానీ డబ్బాకున్న గొప్పతనం వేరు. పొద్దున ఒక్క ఫెండర్ మొదలుపెడితే సాయంత్రానికి మూసేయొచ్చు. గీకడం, కడగడం, ప్రైమర్, రంగు, అన్నీ ఒకే ఎండలో అయిపోతాయి. తెరిచిన రాత్రులు సున్నా. వచ్చే ఆదివారం ఇంకో ఫెండర్. బండి మధ్యలో ఆగిపోదు, సోమవారం ఆఫీసుకీ వెళ్లొచ్చు. మూడు నాలుగు చోట్ల చిన్న చిన్న తుప్పులుండి, బండి తెలుపో ఎరుపో లాంటి మెరుపుపొడి లేని రంగైతే కళ్లు మూసుకుని డబ్బా తీసుకోండి. సిల్వర్ లాంటి మెటాలిక్ రంగైతే వద్దు. మెరుపు పొడి ఒకే తీరున పరుచుకోకపోతే పక్క తలుపుకీ దీనికీ ఆమడ దూరం నుంచి తేడా కనిపిస్తుంది. తెలుపులో కూడా చిన్న చిక్కుంది. ఇరవయ్యేళ్ల తెలుపు పసుపు తిరిగి ఉంటుంది, కంపెనీ రంగు కోడ్ చూసి కలిపించిన కొత్త తెలుపు దాని పక్కన దీపంలా వెలుగుతుంది. పాత ప్యానెల్‌ని ముందు పాలిష్ కాంపౌండ్‌తో రుద్ది, ఆ తర్వాతే రంగు పోల్చుకోండి.

ఇక గన్ను. యూట్యూబ్ చూసినవాళ్లందరి మనసూ దీని మీదే. నాదీ అంతే, కొన్నాను కూడా. కొన్నాక తెలిసిందేమిటంటే, 24 లీటర్ల చిన్న కంప్రెషర్ ఇచ్చే గాలి హెచ్‌వీఎల్‌పీ గన్ను (తక్కువ ఒత్తిడితో ఎక్కువ గాలి వాడే రకం) ఆకలికి సరిపోదు. సగం తలుపు కొట్టేసరికి ఒత్తిడి పడిపోయి పొగలా రావాల్సింది తుంపరలా రాలుతుంది. ఆగి, ట్యాంకు నిండేదాకా చూసి, మళ్లీ మొదలుపెడితే తడి అంచు ఆరిపోయి అక్కడ గీత మిగులుతుంది. పెద్ద బెల్టు కంప్రెషర్ అద్దెకు తెచ్చుకుంటే ఈ తిప్పలు తప్పుతాయి. తప్పనిది నీళ్లు. మన గాలిని ట్యాంకులోకి నొక్కితే అందులోని తేమంతా లోపల నీరవుతుంది. ఒక మధ్యాహ్నం పనిచేశాక ట్యాంకు కింది మర విప్పితే గ్లాసుడు తుప్పునీళ్లు వచ్చాయి. వాటర్ సెపరేటర్ లేకుండా కొడితే అవి రంగుతో పాటు బానెట్ మీదికే వస్తాయి.

గన్నులో ఏ రంగు పోస్తారన్నది ఇంకో ప్రశ్న. రోడ్డు పక్క పెయింటర్లు ఎప్పట్నుంచో వాడేది ఎన్‌సీ, అంటే నైట్రోసెల్యులోజ్ రంగు. చవక, గంటలో ఆరుతుంది, తప్పు చేస్తే రుద్దేసి మళ్లీ కొట్టొచ్చు. నేర్చుకోడానికి ఇంతకు మించింది లేదు. కానీ విశాఖలో దీనికి పెద్ద శత్రువు తేమ. ఆగస్టులో ఒక సాయంత్రం ఐదింటికి బానెట్ కొట్టాను. పది నిమిషాల్లో దాని మీద పాలు పోసి తుడిచినట్టు తెల్లటి మసక కమ్మింది. కారణం తర్వాత పెదనాన్న చెప్పాడు. గాలి 30 డిగ్రీలు, తేమ 75 శాతం ఉన్నరోజు రేకు సుమారు 25 డిగ్రీలకు చల్లబడితే చాలు, దాని మీద నీరు కడుతుంది. ఎన్‌సీ థిన్నర్ వేగంగా ఆవిరవుతూ రేకుని అంతకన్నా చల్లబరిచేస్తుంది. ఆ నీరు రంగులో చిక్కుకుంటే తెల్లబడిపోతుంది. అదే డిసెంబరు, జనవరి నెలల్లో 27 డిగ్రీలు, 60 శాతం తేమ దొరికిన రోజున నీరు కట్టేది పద్దెనిమిది, పందొమ్మిది డిగ్రీల దగ్గర. అప్పుడు మనకు ఎనిమిది డిగ్రీల వెసులుబాటు ఉన్నట్టు. షిప్‌యార్డులో రేకు వేడి నీరు కట్టే ఆ హద్దుకన్నా కనీసం 3 డిగ్రీలు పైన ఉండాలి, తేమ 85 శాతం దాటకూడదు, లేదంటే బ్రష్ ఎత్తనివ్వరట. ఇంటి దగ్గర అంత సామాను అక్కర్లేదు. పొద్దున పదింటికి ముందు, మధ్యాహ్నం మూడు తర్వాత గన్ను ముట్టకండి. చలికాలం తెల్లవారేసరికి బండి మీద మంచు ఎలా కారుతుందో చూసినవాళ్లకు ఈ మాట వేరే చెప్పక్కర్లేదు. వన్ టౌన్, జ్ఞానాపురం వైపు వాళ్లకు తేమతో పాటు పోర్టు నుంచి వచ్చే నల్లధూళి కూడా అదనం. తడి రంగు మీద అది వాలిందంటే ఆ రోజు పని పోయినట్టే.

రెండోది పీయూ, అంటే హార్డెనర్ కలిపే రంగు. ఎండకీ పెట్రోలుకీ ఉప్పుకీ తట్టుకునేది ఇదే, సందేహం లేదు. కానీ ఆ హార్డెనర్లో ఐసోసయనేట్ ఉంటుంది. గాల్లోకి పొగమంచులా లేచిన దాన్ని పీలిస్తే ఉబ్బసం రావొచ్చు, ఒకసారి ఒంటికి పడకపోయిందంటే తర్వాత కొంచెం తగిలినా ఊపిరాడదు. మెడికల్ షాపు మాస్కు దానికి అడ్డం కాదు. ఫిల్టర్ మాస్కు అరిగిపోయినా మనకు తెలియదు, ఎందుకంటే ఐసోసయనేట్‌కి గుర్తుపట్టేంత వాసన ఉండదు. బయటి నుంచి గాలి వచ్చే మాస్కు కావాలంటారు, మనం ఎక్కడ తెస్తాం? పక్క బాల్కనీలో పసిపిల్లాడి బట్టలు ఆరేసి ఉన్న అపార్ట్‌మెంట్ సెల్లార్లో ఆ పని నేను చెయ్యలేదు, మీరూ చెయ్యొద్దు. పైగా మూత తీసిన హార్డెనర్ డబ్బా మన తేమకి చిక్కబడి పాడవుతుంది.

రాత్రుల లెక్కకొస్తే గన్నుది బాగా వెనకబాటు. బండంతా ఒకేసారి కొట్టాలి కాబట్టి బండంతా ఒకేసారి తెరవాలి.

షెడ్డు సంగతి. మనకు ఒళ్లు నొప్పులుండవు, పీయూ వేస్తారు, కొన్నిచోట్ల బూత్ (దుమ్ము పడకుండా రంగు కొట్టే మూసిన గది) కూడా ఉంది. కానీ అక్కడ మన రేకు ఎన్ని రాత్రులు తెరిచి ఉందో మనకు చెప్పేవాడుండడు. నేను ఇంతకుముందు ఒక షెడ్డుకు డోర్ల పని ఇచ్చి ఐదు రోజులన్నది పద్దెనిమిది రోజులు తిరిగాను. వెళ్లిన ప్రతిసారీ బండి ప్రైమర్‌తో ఆరుబయటే కనిపించింది. ఏడాదికే తలుపు అడుగు అంచుల్లో పొక్కులు లేచాయి. పైన మెరుపు మాత్రం అద్దంలా ఉండేది, అది ఒప్పుకోవాలి.

రోలర్‌తో సింథటిక్ ఎనామిల్ వేసేవాళ్లున్నారు. ట్రాలీకి బాగుంటుంది. దాని మీద ఎప్పుడైనా ఎన్‌సీ కొడితే ముడతలు పడుతుంది, అది గుర్తుంచుకోండి. స్టిక్కర్ ర్యాప్ తుప్పు మీద అతికిస్తే కింద ఏం జరుగుతోందో కూడా కనపడదు. ఈ రెండింటి గురించీ ఇంతే.

నేను చివరికి చేసింది ఇది. తుప్పు పని పూర్తిగా ఇంట్లో, పైరంగు షెడ్డులో. మధ్యలో కీలకం ఎపాక్సీ ప్రైమర్, మామూలు ప్రైమర్‌లా నీళ్లు పీల్చుకోని రకం. ఇది కూడా రెండు డబ్బాలు కలిపేదే, కానీ హార్డెనర్లో ఐసోసయనేట్ లేని రకం అడిగి తీసుకున్నాను. పైగా దీన్ని బ్రష్‌తో పుయ్యొచ్చు. షిప్‌యార్డులో అంచులకీ వెల్డింగ్ అతుకులకీ ముందు బ్రష్‌తో ఒక పూత పూసి, తర్వాతే స్ప్రే కొడతారట. గన్ను ఎంత పొగ చిమ్మినా అంచుల మీద రంగు పలచగానే నిలుస్తుంది, తుప్పు మొదలయ్యేదీ అక్కడే. గ్లవ్స్ వేసుకుని, గట్టర్‌ని మూరెడు మూరెడు చొప్పున గీకి, అదే మధ్యాహ్నం ఎపాక్సీ పూసేశాను. సాయంత్రానికి తెరిచిన రేకు అంగుళం కూడా మిగల్లేదు. ఇంక ఆదివారాలు ఎన్ని పట్టినా భయం లేదు. పుట్టీ కూడా రేకు మీద కాకుండా, ఆరిన ఎపాక్సీని గరుకు చేసి దాని మీదే పెట్టాను. నాలుగు ఆదివారాలయ్యాక బండిని షెడ్డుకు తీసుకెళ్లి, "గీకొద్దు, పుట్టీ పెట్టొద్దు, పైన రుద్ది పీయూ తెలుపు కొట్టి ఇవ్వండి" అన్నాను. మేస్త్రీ కాస్త చిన్నబుచ్చుకున్నాడు గానీ మూడోరోజుకల్లా ఇచ్చేశాడు.

రంగు మారుద్దామనుకునేవాళ్లకు ఒక మాట. ఆర్‌సీలో రంగు రాసి ఉంటుంది, మారిస్తే అక్కడా మార్పించుకోవాలి. పదిహేనేళ్లు దాటిన బండికి ఐదేళ్లకోసారి రెన్యువల్ ఎలాగూ ఉంది, మాధవధార ఆర్టీవో ఆఫీసులో బండిని చూసేటప్పుడు కాగితం మీద ఎరుపు, ఎదురుగా నీలం అయితే సమాధానం చెప్పుకోవాల్సింది మీరే. నేను తెలుపు మీద తెలుపే వేయించాను.

ఇంకొకటి నీళ్లు. గీకే ముందు బండిని బాగా కడగాలి, గుంటలు పడ్డ చోట గీకాక మళ్లీ కడిగి, వెంటనే గుడ్డతో అద్ది హెయిర్ డ్రయ్యర్ పట్టాలి. ఉప్పు గుంటల్లో మిగిలితే పైన ఏ కంపెనీ రంగు వేసినా అది తేమను లోపలికి లాగి పొక్కు లేపుతుంది. అయితే ఒడ్డుకు దగ్గర ఇళ్లలో బోరునీళ్లే ఉప్పన. వాటర్ పేపర్ ముంచే బకెట్లో అవే పోసుకుంటే ఉప్పుని మన చేత్తో మనమే పుట్టీలోకి రుద్దినట్టు. కార్పొరేషన్ (జీవీఎంసీ) కుళాయి నీళ్లు పట్టి పెట్టుకోండి. తెలిసి కూడా నేను ఒకరోజు కుళాయి రాలేదని కుడివైపు వెనక చక్రం పైన బోరునీళ్లతో కానిచ్చేశాను. మొన్నటి వానల తర్వాత సరిగ్గా అక్కడే గోరంత పొక్కు లేచింది. డిసెంబరు దాకా ఆగి దాన్ని విప్పుతాను. ఆ ఒక్కచోటికి డబ్బా చాలు.