ముందే వడపోయాలా, ఇచ్చాక లెక్కలడగాలా? అమెరికా ఫోన్ సబ్సిడీల్లో ఏది మేలు?

అమెరికాలో ఉన్న మనవాళ్లు ఫోన్ బిల్లు పూర్తిగా చదివితే ‘యూనివర్సల్ సర్వీస్’ అని ఒక చార్జీ కనిపిస్తుంది. పేదలకు, పల్లెలకు, స్కూళ్లకు, గ్రామీణ ఆసుపత్రులకు ఫోను, ఇంటర్నెట్ అందించడానికి వెళ్లే డబ్బు అది, ఏడాదికి సుమారు 800 కోట్ల డాలర్లు. రూల్స్ పెట్టేది ఎఫ్‌సీసీ, అంటే అక్కడి టెలికాం నియంత్రణ సంస్థ, దాని తరఫున బిల్లులు చూసి చెల్లించేది యూఎస్ఏసీ అనే సంస్థ. తప్పుడు బిల్లుల్ని ఆపాలంటే చెల్లించకముందే వడపోయాలి, లేదంటే చెల్లించాక ఆడిటర్లను పంపి వెనక్కి రాబట్టాలి.

ముందు పేదల ఫోన్ పథకం లైఫ్‌లైన్ సంగతి చూద్దాం. పేద కుటుంబానికి నెలకు 9.25 డాలర్ల సాయం, కాకపోతే ఆ డబ్బు కుటుంబం చేతికి రాదు, ఫోన్ కంపెనీకి వెళ్తుంది. చాలా రాష్ట్రాల్లో చాలా ఏళ్లపాటు అర్హత తేల్చే పని కూడా ఆ కంపెనీదే, అంటే ఎంతమందిని చేర్చుకుంటే అంత డబ్బు వచ్చేవాడి చేతికే జల్లెడ ఇచ్చారన్నమాట! టోటల్ కాల్ మొబైల్ అనే కంపెనీ కేసులో ఏజెంట్లు ఒకరి అర్హత కార్డు చూపించి పలువురి పేర్లు ఎక్కించారని, డూప్లికేట్ అని సిస్టమ్ హెచ్చరించినా పక్కకు నెట్టి ముందుకెళ్లారని ఎఫ్‌సీసీ ఆరోపించింది. 2016లో 3 కోట్ల డాలర్లకు అది రాజీ అయింది. 2017లో జీఏఓ, అంటే అక్కడి కాగ్ అనుకోండి, దాదాపు 35 లక్షల మంది వివరాలు సరిచూస్తే 36 శాతం మంది అర్హత రుజువు కాలేదు. వాళ్లంతా దొంగలని కాదు, రికార్డుల్లో దొరకలేదంతే. కానీ ఆ తేడా తేల్చే దారి కూడా అప్పుడు లేదు.

ఇలాంటి చోట తర్వాత చేసే ఆడిట్ దొంగలు పడ్డ ఆరు నెలలకు కుక్కలు మొరిగినట్టే. 9 డాలర్ల చొప్పున లక్షల పేర్ల మీద పోయిన డబ్బును ఎవరి దగ్గర వసూలు చేస్తారు, ఆ ఏజెంట్ ఈపాటికి ఏ ఊళ్లో ఉంటాడో! అందుకే అర్హత తేల్చే పనిని కంపెనీల నుంచి తీసేసి నేషనల్ వెరిఫయర్ అనే ఉమ్మడి తనిఖీ వ్యవస్థకు అప్పగించారు, 2020 చివరికి అన్ని రాష్ట్రాల్లోనూ వచ్చింది. దీనికీ ఒక ఖరీదుంది. రాష్ట్రాల డేటాబేస్‌తో లింకు లేని చోట నిజమైన పేదవాడే కాగితాలు స్కాన్ చేసి పంపుకోవాలి. బోగస్ రేషన్ కార్డుల ఏరివేత చూసిన మనకు ఆ బాధ కొత్తేం కాదు.

పైగా ఈ గేటు దాటాక ఏం జరుగుతుందో వెరిఫయర్‌కు తెలీదు. ఉచిత ఫోన్‌ను 30 రోజులు వాడకపోతే నోటీసిచ్చి, మరో 15 రోజులు చూసి తీసేయాలి. స్ప్రింట్ అనే ఫోన్ కంపెనీ మాత్రం ఫోన్ వాడని 8.85 లక్షల మంది పేరిట కూడా సబ్సిడీ తీసుకుంది. దాన్ని ముందు పట్టుకున్నది ఒరెగాన్ రాష్ట్ర అధికారులు. 2020లో కంపెనీ 20 కోట్ల డాలర్లు కట్టింది. క్యూ లింక్ అనే మరో కంపెనీ ఇంకా ముదురు, లేని వాడకాన్నే సృష్టించింది. 2024లో నేరం ఒప్పుకుని 10 కోట్ల డాలర్లకు పైగా తిరిగి కట్టడానికి సిద్ధపడింది.

స్కూళ్ల ఇంటర్నెట్ పథకం ఈ-రేట్‌లో కథ తిరగబడుతుంది. ఇక్కడ డబ్బు కోరేముందు టెండరు, దరఖాస్తు, పరిశీలన అన్నీ ఉంటాయి, కాగితం మీద ప్రతి ఇన్వాయిసూ ముచ్చటగా ఉంటుంది. మోసం జరిగితే టెండరు ముందే మాట్లాడుకోవడంలోనో, రేటు పెంచేయడంలోనో జరుగుతుంది. అది ముందస్తు తనిఖీకి కనపడదు. అందుకే స్కూళ్లు, కంపెనీలు రికార్డులు 10 ఏళ్లు దాచాలన్న రూల్ నాకు సబబుగానే తోస్తుంది. విస్కాన్సిన్ బెల్ అనే ఫోన్ కంపెనీ స్కూళ్ల దగ్గర ఎక్కువ వసూలు చేసిందని టెలిఫోన్ బిల్లులు తనిఖీ చేసే ఒక ఆడిటర్ 2008లో కేసు వేస్తే, ప్రభుత్వానికి తప్పుడు బిల్లులు పెట్టేవారిపై ఉన్న ఫాల్స్ క్లెయిమ్స్ చట్టం కింద ఆ కేసు నడపొచ్చని సుప్రీంకోర్టు చెప్పేసరికి 2025 ఫిబ్రవరి వచ్చింది. ఆరోపణ నిజమో కాదో తేలడం ఆ తర్వాత మాట. అప్పుడు ఒకటో తరగతిలో ఉన్న పిల్లలు ఈపాటికి డిగ్రీ కూడా పూర్తిచేసి ఉంటారు.

నన్నడిగితే, చిన్న మొత్తాలు లక్షల మందికి వెళ్లే లైఫ్‌లైన్ లాంటి వాటికి ముందస్తు వడపోతే మేలు, కాకపోతే వాడకం లెక్క కంపెనీ మాట మీద వదిలేయకూడదు. పెద్ద బిల్లులు కొద్దిమందికే వెళ్లే ఈ-రేట్‌కు మాత్రం ఇన్వాయిసు దగ్గర టెన్షన్ పెట్టి స్కూళ్లను నెలల తరబడి ఆపడం కంటే, ఇచ్చేసి, టెండరు ఫైళ్లు తిరగేసే ఆడిటర్లను ఇంకొంతమందిని పెట్టుకోవడం నయం.