రిమోట్ డెస్క్‌టాప్ సర్వర్ పెట్టించుకుంటున్నారా? బిల్లులో లైసెన్సులు ఉన్నాయో లేదో ముందు చూడండి

అనంతపురం, గుత్తి, తాడిపత్రి వైపు షాపులకు రిమోట్ డెస్క్‌టాప్ సర్వర్, అంటే ఒకచోట పెట్టిన కంప్యూటర్‌లోకి బ్రాంచీలవాళ్లు దూరం నుంచే వచ్చి పనిచేసుకునే ఏర్పాటు, పెట్టించాలనుకునేవాళ్లు అడ్వాన్సు ఇచ్చేముందు ఇది చదవండి. మాకు పెట్టిచ్చినాయన పేరు రాయను. ఇదే పద్ధతిలో చేసేవాళ్లు ఆయనొక్కడే కాదు.

మాది విత్తనాలు, ఎరువుల వ్యాపారం. అనంతపురంలో మెయిన్ షాపు, గుత్తిలో, తాడిపత్రిలో బ్రాంచీలు. మూడు చోట్లా ఒకే ట్యాలీ (లెక్కల సాఫ్ట్‌వేర్)లో బిల్లులు కొట్టాలని శివరాత్రి అయినాక సర్వర్ పెట్టించాం. లైసెన్సుల సంగతి అడిగితే "అంతా అందులోనే వస్తుందన్నా, నీకెందుకు టెన్షన్" అన్నాడు. మొదట్లో ఏ ఇబ్బందీ లేదు. రాదు కూడా, కిటుకంతా అక్కడే ఉంది.

విండోస్ సర్వర్‌లోకి బయటినుంచి ఒకేసారి ఇద్దరు అడ్మిన్‌లు మాత్రమే రావచ్చు, అదీ మెయింటెనెన్స్ కోసం. స్టాఫ్ రోజూ అందులో పనిచేయాలంటే మనిషికో, పరికరానికో ఒకటి చొప్పున ‘కాల్’ (CAL) అనే లైసెన్సు విడిగా కొనాలి. కొనకపోయినా 120 రోజులు నడుస్తుంది, ఆ గడువు మైక్రోసాఫ్టే ఇస్తుంది. శివరాత్రి తర్వాత 120 రోజులంటే సరిగ్గా విత్తనాల సీజన్. శెనక్కాయ విత్తనాలకు రైతులు కౌంటర్ ముందు నిలబడి ఉంటే, గుత్తిలో స్క్రీన్ మీద లైసెన్స్ సర్వర్ లేదని మెసేజ్ వచ్చి లైను తెగిపోయింది. ఆ రోజంతా చేతి బిల్లులే.

పిలిస్తే వచ్చాడు. రిజిస్ట్రీలో, అంటే విండోస్ తన సెట్టింగులు దాచుకునే చోట, ఒక కీ డిలీట్ చేసి, రీస్టార్ట్ కొట్టి, సర్వీస్ చార్జి తీసుకుని పోయాడు. అది గడువును మళ్లీ మొదటికి తిప్పే దొంగదారి. నాలుగు నెలలకోసారి వచ్చి వసూలు చేసుకోవడానికి మాత్రం బాగుంటుంది!

వేరే టెక్నీషియన్‌ను పిలిపించాక ఇంకో సంగతి బయటపడింది. మొదట పెట్టిచ్చినాయన రౌటర్‌లో 3389 పోర్టును, అంటే రిమోట్ డెస్క్‌టాప్‌లోకి వచ్చే దారిని, నేరుగా ఇంటర్నెట్‌కు తెరిచిపెట్టాడు. ఈవెంట్ వ్యూయర్‌లో సెక్యూరిటీ లాగ్ చూస్తే 4625 ఎంట్రీలు, అంటే ఫెయిలైన లాగిన్లు, కిందికి జరిపేకొద్దీ వస్తూనే ఉన్నాయి. అడ్మిన్, టెస్ట్, స్కానర్ అంటూ మా షాపులో ఎవరికీ లేని పేర్లు, అన్నీ అర్ధరాత్రి దాటాక. మా పాస్‌వర్డేమో షాపు పేరు పక్కన 123, ఆయన పెట్టిందే. బ్యాకప్ అదే మిషన్‌లో డీ డ్రైవ్‌లోకి. ఫైళ్లకు తాళం వేసి డబ్బులడిగే రాన్సమ్‌వేర్ వైరస్ దూరితే లెక్కలూ బ్యాకప్పూ ఒకేసారి పోయేవి.

అందుకే కొటేషన్‌లో సర్వర్ లైసెన్సు, కాల్ లైసెన్సులు ఎన్ని, ఏ రకం అని వేర్వేరు లైన్లలో రాయించుకోండి. అవి మీ ఫర్మ్ పేరు మీదే ఉండాలి. డెస్క్‌టాప్ కింద కుడి మూలలో ‘ఎవాల్యుయేషన్’ అని కనిపిస్తే అది 180 రోజుల ట్రయల్ కాపీ, గడువు దాటాక గంటకోసారి తానే ఆగిపోతుంది. మామూలు విండోస్ 11కు ప్యాచ్ వేసి పదిమందిని ఎక్కిస్తామనేవాళ్లకు దండం పెట్టి పంపించండి, ఒక్క అప్‌డేట్ వస్తే చాలు ఆ ప్యాచ్ ఊడిపోవచ్చు. బ్రాంచీలు వీపీఎన్ (ఇంటర్నెట్‌లో మనవాళ్లకు మాత్రమే ఉండే రహస్య దారి) ద్వారానే లోపలికి రావాలి. ఒక బ్యాకప్ కాపీ సర్వర్‌కు తగిలించకుండా బయట ఉండాలి.

ఇప్పటికే పెట్టించుకున్నవాళ్లు సర్వర్‌లో ‘ఆర్‌డీ లైసెన్సింగ్ డయాగ్నోజర్’ తెరవండి. ఎన్ని లైసెన్సులు ఉన్నాయో అందులోనే చూపిస్తుంది. సున్నా అని ఉంటే, ఇన్‌స్టాల్ చేసిన తేదీకి నాలుగు నెలలు కలుపుకొని, సీజన్‌కు ముందే మీకు పెట్టిచ్చినాయన్ను పిలిచి అడగండి.