ట్యాపెస్ట్రీ, జస్ట్ యాజ్ ఐ యామ్: ముందు ఏది వినాలి?

1971లో లాస్ ఏంజెలిస్ నుంచి మూడు నెలల తేడాతో రెండు ఆల్బమ్‌లు వచ్చాయి. ఫిబ్రవరిలో కేరోల్ కింగ్ ‘ట్యాపెస్ట్రీ’, మే నెలలో బిల్ విదర్స్ ‘జస్ట్ యాజ్ ఐ యామ్’. ఇద్దరూ చాలావరకు తమ పాటలు తామే కట్టుకుని పాడినవాళ్లు. ఆఫ్రికన్ అమెరికన్ల చర్చిల్లో వేళ్లున్న సోల్ సంగీతాన్ని, నలుగురి నోట్లో నానే పాప్ బాణీని ఇద్దరూ కలిపారు. ఒక్కటే వినే తీరిక ఉందంటే ‘ట్యాపెస్ట్రీ’ వినమంటాను. కానీ రెండోది పక్కన పెట్టేయగలిగింది కాదు.

ఆల్బమ్ అట్టలు చూస్తేనే మనుషులు తెలిసిపోతారు. కేరోల్ లాస్ ఏంజెలిస్‌లో లారెల్ కాన్యన్ అనే కొండ ప్రాంతంలోని తన ఇంట్లో, కిటికీ పక్కన చెప్పుల్లేకుండా కూర్చుంది, ముందు పిల్లి. బిల్ తను పనిచేసే ఫ్యాక్టరీ దగ్గర, చేతిలో లంచ్ బాక్సుతో నిలబడ్డాడు. విమానాల టాయ్‌లెట్ సీట్లు తయారుచేసే పని అది. తొమ్మిదేళ్లు నేవీలో చేసి వచ్చిన ఈ మనిషికి 32 ఏళ్లకు ఇదే మొదటి ఆల్బమ్. కేరోల్‌కి అప్పుడే 29 నిండాయి గానీ, అప్పటికే పదేళ్లుగా ఇతరులకు హిట్లు రాసిస్తోంది.

ఆ అనుభవమే ‘ట్యాపెస్ట్రీ’కి బలం. పన్నెండు పాటల్లో ‘స్మాక్‌వాటర్ జాక్’ తప్ప దాటేయాలనిపించేది నాకు కనిపించలేదు. ‘ఐ ఫీల్ ది అర్త్ మూవ్’లో పియానోని వాయించడం కాదు, బాదుతుంది. ‘వే ఓవర్ యాండర్’లో మెర్రీ క్లేటన్ గొంతు కలవగానే పాట చర్చిలోకి వెళ్లిపోతుంది. ‘ఇట్స్ టూ లేట్’ మాటలు టోనీ స్టెర్న్‌వి. విడిపోతున్న ఇద్దరి గురించి, ఎవరి మీదా నింద వేయకుండా రాసిన పాట. కర్టిస్ ఎమీ అనే వాద్యకారుడి శాక్సోఫోన్ వచ్చేసరికి కోపమనేది మిగలదు, దిగులే మిగులుతుంది. నిర్మాత లూ ఆడ్లర్ వాద్యాలను కుప్పపోయలేదు. అందుకే ఆమె గొంతులోని చిన్న గరుకుతనం కూడా దాగదు. అమెరికా ఆల్బమ్‌ల పట్టికలో ‘ట్యాపెస్ట్రీ’ 15 వారాలు మొదటి స్థానంలో ఉండి, నాలుగు గ్రామీ అవార్డులు తెచ్చుకుంది.

బిల్ దగ్గర ఇంత నేర్పు లేదు. ‘లెట్ ఇట్ బీ’, ‘ఎవ్రీబడీస్ టాకిన్’ ఇతరుల పాటలు. బాగానే పాడాడు గానీ అక్కడ ఆల్బమ్ కాస్త పలచబడుతుంది. అయితే ‘ఎయింట్ నో సన్‌షైన్’ రెండే నిమిషాల్లో చేసే పనికి సాటి లేదు. మధ్యలో ‘ఐ నో’ అని 26 సార్లు అంటాడు. అక్కడ తర్వాత మాటలు రాద్దామనుకున్నాడు, స్టూడియోలో తోటివాళ్లు అలాగే ఉంచమన్నారు. నిర్మాత బుకర్ టి. జోన్స్ తెచ్చిన బేసు గిటార్, డ్రమ్స్ వాళ్లు కూడా అవసరానికి మించి ఒక్క దెబ్బ వేయలేదు.

ఇక ‘గ్రాండ్‌మాస్ హ్యాండ్స్’. ఇంగ్లిష్‌లో గ్రాండ్‌మా అంటే చాలు, మనకు అమ్మమ్మో నానమ్మో తేల్చాలి. ఈమె బిల్‌కి అమ్మమ్మ. చర్చిలో చప్పట్లు కొట్టిన చేతులు, పిల్లాడిని దెబ్బల నుంచి కాచిన చేతులు. చిన్నప్పుడు నత్తితో బాధపడిన మనిషి ఇంత సూటిగా పాడటం వింటే నాకు ప్రతిసారీ గొంతు పట్టేస్తుంది. ఈ ఒక్క పాటకు ‘ట్యాపెస్ట్రీ’లో జవాబు లేదు.

అయినా ఆల్బమ్ మొత్తంగా తూచినప్పుడు నా ఓటు కేరోల్‌దే. సోల్, పాప్ బిల్ దగ్గర పాటకో పాళ్లలో కలుస్తాయి, ఆమె దగ్గర దాదాపు ప్రతి పాటలోనూ ఒదిగిపోయాయి. చివరి పాట ‘నాచురల్ వుమన్’ ఆమె ఇతరులకు రాసిచ్చిన వాటిలో ఒకటి, 1967లో సోల్ గాయని అరీతా ఫ్రాంక్లిన్ పాడి అదరగొట్టినదే. అరీతాతో పోటీ పడాలని కేరోల్ చూడలేదు. పియానో, బేసు, తన గొంతు, అంతే. రాత్రి ఇంట్లో అందరూ పడుకున్నాక తనకోసం పాడుకుంటున్నట్టు ఉంటుంది. ముందు అరీతాది విని, వెంటనే ఇది వినండి.